హెడ్మాస్టరు కావడానికి ఏం చదవాలి?

రెండు తెలుగు రాష్ట్రాల్లో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు కావాలంటే డిగ్రీతో పాటు బి.ఇడి ఉండాలి, స్కూల్ అసిస్టెంట్ల సీనియారిటీ జాబితాలో వంతు రావాలి, శాఖాపరమైన పరీక్షలు పాసై ఉండాలి. ఆ పరీక్షలను ఉపాధ్యాయులు జీఓ టెస్టు, ఈఓ టెస్టు అంటారు. పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్వహించే ఈ పరీక్షల్లో ఖజానా నిబంధనలు, బడ్జెట్ పద్ధతి, సెలవులు, సర్వీసు నియమాలు అడుగుతారు. ఇవన్నీ అవసరమైనవే. ఉన్నత పాఠశాల హెడ్మాస్టరు గెజిటెడ్ అధికారి. జీతాల బిల్లు మీద సంతకం చేసే డీడీఓ కూడా ఆయనే. లెక్క తప్పితే సంజాయిషీ ఇవ్వవలసిందీ ఆయనే. అయితే తరగతి గదిలో వెనక కూర్చుని తోటి ఉపాధ్యాయుడి పాఠం ఎలా గమనించాలో, గమనించింది అతనికి నొప్పి కలగకుండా ఎలా చెప్పాలో, ఎనిమిదో తరగతికి వచ్చినా భాగహారం రాని పిల్లల కోసం టైంటేబుల్‌ను ఎలా మార్చాలో ఈ దారిలో ఎక్కడా పరీక్షించరు. ఆ విద్య నేర్పే కోర్సులు దేశంలో లేకపోలేదు. వాటికీ ఈ కుర్చీకీ మధ్య ముడి మాత్రం పడలేదు. పాఠశాల సారథ్యానికి సంబంధించిన పీజీ చదువులను పరిశీలించేవారు మొదట గుర్తుంచుకోవలసిన సంగతి ఇది. ఏ డిగ్రీ అర్హతనిస్తుంది అన్నది ఒక ప్రశ్న. ఏ డిగ్రీ సామర్థ్యాన్నిస్తుంది అన్నది మరో ప్రశ్న. ఈ రెండింటికీ ఒకే జవాబు దొరకడం అరుదు.

కుర్చీలో చేసే పని ఎంత విస్తరించిందో చూస్తే రెండో ప్రశ్న బరువు తెలుస్తుంది. పొద్దున ప్రార్థన ముగిసేలోగా ఎవరు సెలవులో ఉన్నారో, వారి పీరియడ్లు ఎవరికి సర్దాలో తేలాలి. హాజరు యాప్‌లో ఎక్కించాలి. మధ్యాహ్న భోజనం లెక్క, యూడైస్ వివరాలు, పదో తరగతి నామినల్ రోల్స్, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, తల్లిదండ్రుల కమిటీ సమావేశాలు వరుసగా వస్తూనే ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన నాడు–నేడు, తెలంగాణలో 2022లో మొదలైన మన ఊరు–మన బడి కార్యక్రమాలతో సిమెంటు, టైల్స్, రంగుల పనులు కూడా హెడ్మాస్టరు నిత్యకృత్యంలో చేరాయి. ఈ ఒత్తిడిలో ముందుగా జారిపోయేది బోధన మీద దృష్టి. పైనుంచి రోజూ అడిగేది నివేదికల గురించి. పాఠం ఎలా సాగుతోందని ప్రతిరోజూ అడిగేవారు ఉండరు.

ప్రాథమిక స్థాయిలో పరిస్థితి ఇంకో రకం. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రాథమిక పాఠశాలలో పిల్లలు 150 దాటితేనే ప్రధానోపాధ్యాయుడి పోస్టు వస్తుంది. ప్రాథమికోన్నత తరగతుల్లో 100 దాటితే పూర్తికాలపు ప్రధానోపాధ్యాయుడు ఉండాలి. పల్లెల్లోని చిన్న బడుల్లో ఆ సంఖ్య చేరదు. అందుకని సీనియర్ సెకండరీ గ్రేడ్ టీచరు (ఎస్‌జీటీ) ఒకరు ఇన్‌చార్జిగా పాఠం, రిజిస్టరు, వంటగది అన్నీ చూసుకుంటారు. వారికి నాయకత్వ శిక్షణ అన్న మాటే చాలా ఆలస్యంగా చేరింది.

ప్రధానోపాధ్యాయుడి ప్రభావం ఎంత అన్నది ఒకప్పుడు అనుభవం మీద చెప్పే మాట. ఇప్పుడు దానికి కొలతలు వచ్చాయి. 2021లో అమెరికాలో వాలెస్ ఫౌండేషన్ కోసం గ్రిసమ్, ఎగలైట్, లిండ్సే అనే పరిశోధకులు రెండు దశాబ్దాల అధ్యయనాలను సమీక్షించారు. పనితీరులో కింది వరుసలో ఉన్న ప్రిన్సిపాల్ స్థానంలో పై వరుసలోని వ్యక్తి వస్తే ఆ బడి పిల్లలు సగటున ఏడాదికి దాదాపు మూడు నెలల అదనపు చదువు పొందుతారని వారి అంచనా. ఒక మంచి ఉపాధ్యాయుడు తన తరగతిని మారుస్తాడు. ప్రిన్సిపాల్ మారితే తరగతులన్నీ కదులుతాయి. భారతదేశానికి సంబంధించిన చిత్రం అంత ఉత్సాహంగా లేదు. బ్లూమ్, లెమోస్, సాదున్, వాన్ రీనెన్ 2015లో ప్రచురించిన అధ్యయనం ఎనిమిది దేశాల్లోని 1,800 పైచిలుకు ఉన్నత పాఠశాలల నిర్వహణను పోల్చింది. సగటున అన్నిటికంటే వెనకబడ్డవి భారతీయ పాఠశాలలు. లెమోస్, కార్తీక్ మురళీధరన్, డేనియెలా స్కర్ 2021లో వెలువరించిన మరో అధ్యయనం నేరుగా ఆంధ్రప్రదేశ్ బడుల గురించే. ప్రైవేటు బడులకూ ప్రభుత్వ బడులకూ నిర్వహణలో కనిపించిన పెద్ద తేడా మనుషులతో పని చేయించే తీరులో ఉందని అది తేల్చింది. ఎవరిని తీసుకోవాలి, ఎవరిని ప్రోత్సహించాలి, ఎవరిని దిద్దాలి అన్న విషయాల్లో ప్రభుత్వ పాఠశాల హెడ్మాస్టరు చేతిలో అధికారం తక్కువ. అందువల్లనే ఆయనకు నచ్చజెప్పే నేర్పు, జట్టును కట్టుకునే నేర్పు మరింత అవసరం. ప్రభుత్వ బడికి ఇలాంటి చదువు ఎందుకని అడిగేవారికి ఈ అధ్యయనమే సమాధానం.

తెలుగు నేలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. మద్రాసు రాజధానిలోని సైదాపేట ఉపాధ్యాయ శిక్షణ కళాశాల మూలాలు 1856 నాటివి. 1894లో రాజమండ్రిలో ప్రభుత్వ ట్రెయినింగ్ కళాశాల ఏర్పడింది. ఎల్.టి. అనే ఉపాధ్యాయ శిక్షణ పట్టా తెచ్చుకున్నవారు ఉపాధ్యాయులుగా, హెడ్మాస్టర్లుగా, తరువాత ఇన్‌స్పెక్టర్లుగా ఎదిగేవారు. పాలనకు విడిగా చదువు లేదు. అధికారి వ్యక్తిగతమైన ఆసక్తి మీదే అంతా ఆధారపడేది. ఆ ఆసక్తి ఎంత దూరం పోగలదో ఉత్తర సర్కారు జిల్లాలే చూశాయి. 1906 ప్రాంతంలో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్, జనం మాట్లాడే తెలుగుకూ బడి పుస్తకాల్లోని తెలుగుకూ అంత దూరం ఎందుకని అడిగాడు. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, పి.టి. శ్రీనివాస అయ్యంగార్లతో ఆయన సాగించిన చర్చలు వ్యావహారిక భాషోద్యమానికి ఊపునిచ్చాయి. రిజిస్టర్లు తనిఖీ చేసి సంతకం పెట్టి వెళ్ళిపోవడానికి వచ్చిన అధికారి, పిల్లలకు ఏం అర్థమవుతోందని అడిగినందువల్ల జరిగిన మేలు అది. విద్యాపాలనకు పాఠ్యప్రణాళిక రాసేవారెవరైనా ఈ ఉదంతాన్ని మొదటి పాఠంగా పెట్టుకోవచ్చు.

స్వాతంత్ర్యం తరువాత 1952–53 మొదలియార్ కమిషన్ మాధ్యమిక విద్యను పరిశీలిస్తూ ప్రధానోపాధ్యాయుడి స్థానాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించింది. 1964–66 కొఠారి కమిషన్ విద్యాపాలకుల శిక్షణకు జాతీయ స్థాయి కళాశాల కావాలని సూచించింది. అప్పటికే యునెస్కో సాయంతో ఢిల్లీలో ఆసియా దేశాల విద్యా ప్రణాళికాకర్తల కోసం ఒక కేంద్రం నడుస్తుండేది. భారత ప్రభుత్వం దాన్ని తీసుకుని జాతీయ స్టాఫ్ కాలేజీగా మార్చింది. అదే 1979లో జాతీయ విద్యా ప్రణాళిక, పాలనా సంస్థ (నీపా) అయింది, 2006లో డీమ్డ్ విశ్వవిద్యాలయమైంది. ఈ సంస్థ తొలి దృష్టి అంతా జిల్లా విద్యాధికారుల మీద, రాష్ట్ర స్థాయి ప్రణాళికల మీద ఉండేది. బడి హెడ్మాస్టరు మీద దృష్టి పడింది 2012లో, నీపాలో జాతీయ పాఠశాల నాయకత్వ కేంద్రం ఏర్పడినప్పుడు. ఆ కేంద్రం రూపొందించిన పాఠ్యక్రమం ఏడు రంగాలుగా ఉంటుంది. నాయకత్వంపై అవగాహన, తనను తాను తీర్చిదిద్దుకోవడం, బోధనాభ్యసనను మార్చడం, జట్లు కట్టడం, కొత్త ప్రయత్నాలు చేయడం, తల్లిదండ్రులతోనూ ఊరితోనూ భాగస్వామ్యం, పాలన. పాలన అందులో చివరిది, ఏడింటిలో ఒకటి మాత్రమే. శాఖాపరమైన పరీక్షల్లో అదే సర్వస్వం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే లోటు ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఇక డిగ్రీల సంగతి. అందరికీ ముందుగా తోచేది ఎం.ఇడి. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) 2014 నియమాలతో ఇది రెండేళ్ళ కోర్సు అయింది. నాలుగు సెమిస్టర్లు, 80 క్రెడిట్లు, బి.ఇడి లేదా దానికి సమానమైన పట్టాలో 50 శాతం మార్కులు ఉండాలి. ప్రవేశాలు ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్ ద్వారా, తెలంగాణలో సీపీగెట్ ద్వారా జరుగుతాయి. ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర, ఉస్మానియా విశ్వవిద్యాలయాలు, హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఈ కోర్సు నడిపే వాటిలో ఉన్నాయి. ఎలిమెంటరీ లేదా సెకండరీ దశను ఎంచుకుని, అందులో ఒక ప్రత్యేకాంశాన్ని తీసుకోవాలి. పాఠ్యప్రణాళికా మూల్యాంకనం, విధానం–ఆర్థికం–ప్రణాళిక, విద్యా నిర్వహణ–పాలన, విద్యా సాంకేతికత లాంటివి నియమాల్లో ఉన్న ప్రత్యేకాంశాలు. అన్ని కళాశాలలూ అన్నింటినీ నేర్పవు. సారథ్యం కోరేవారు కళాశాల పేరు కన్నా ముందు ఆ నిర్వహణ–పాలన ప్రత్యేకాంశం అక్కడ నిజంగా బోధిస్తున్నారా, దానికి అధ్యాపకుడు ఉన్నారా అని అడగాలి.

ఎం.ఇడి బలం సిద్ధాంతంలో ఉంది. విద్యా తత్త్వం, మనోవిజ్ఞానం, సామాజిక శాస్త్రం, పరిశోధనా పద్ధతులు కలిపి చదివినవారికి ఒక చూపు ఏర్పడుతుంది. ప్రభుత్వం పంపిన సర్క్యులర్ వెనక ఏ ఆలోచన ఉందో వారు పట్టుకోగలరు. డిసర్టేషన్ రాసే క్రమంలో సొంత బడిలోని సమాచారాన్ని ప్రశ్నగా మార్చడం నేర్చుకుంటారు. దీని బలహీనత కూడా అక్కడే ఉంది. ఈ డిగ్రీ ప్రధానంగా ఉపాధ్యాయ శిక్షకులను తయారు చేయడానికి పుట్టింది. బి.ఇడి కళాశాలలోనో జిల్లా విద్యా శిక్షణ సంస్థ అయిన డైట్‌లోనో అధ్యాపకుడు కావడానికి ఇది తప్పనిసరి మెట్టు. అందువల్ల పాఠశాలల నుంచి ఎం.ఇడికి వెళ్ళిన చురుకైన ఉపాధ్యాయులు మళ్ళీ బడికి హెడ్మాస్టర్లుగా రావడం కంటే శిక్షణ కళాశాలల వైపు మళ్ళడం సహజంగా జరుగుతుంది. వ్యవస్థకు అది లాభమే. బడికి మాత్రం నష్టం. ఇంకో ఇబ్బంది పనిచేస్తున్న ఉపాధ్యాయులది. 2014 నియమాల్లో బి.ఇడికి దూరవిద్యా మార్గం ఉంది కానీ ఎం.ఇడికి లేదు. సెలవు పెట్టి, జీతం సంగతి చూసుకుని, రెండేళ్ళు తరగతికి హాజరు కావాలి. సంసార బాధ్యతలున్న మహిళా ఉపాధ్యాయులకు ఇది దాదాపు మూసిన తలుపు. 2025లో ఎన్‌సీటీఈ వెలువరించిన ముసాయిదా నియమాలు ఏడాది ఎం.ఇడిని తిరిగి ప్రతిపాదించాయి. ఉపాధ్యాయులు, విద్యాధికారుల కోసం పనిచేస్తూనే చదివే రెండేళ్ళ పార్ట్‌టైం ఎం.ఇడి కూడా ఆ ముసాయిదాలో కనిపిస్తుంది. సారథ్యం దృష్టితో చూస్తే ఆ పత్రంలో అన్నిటికంటే విలువైన ప్రతిపాదన ఈ పార్ట్‌టైం కోర్సే.

ఎం.ఎ. ఎడ్యుకేషన్ పేరులో ఎం.ఇడికి దగ్గరగా ఉన్నా స్వభావంలో వేరు. దీనికి బి.ఇడి ముందస్తు అర్హత కాదు, ఎన్‌సీటీఈ పరిధిలోకి రాదు, యూజీసీ కిందనే నడుస్తుంది. కాబట్టి బడిలో బోధించడానికి ఇది అర్హత ఇవ్వదు. ఉపాధ్యాయ పోస్టు కోసం దీన్ని చదివి తరువాత బాధపడేవారు ఉన్నారు. అయితే ఆలోచనను పదును పెట్టడంలో ఈ కోర్సుల్లో కొన్ని దేశంలోనే మేలైనవి. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ 2006లో ప్రాథమిక విద్య మీద మొదలుపెట్టిన ఎం.ఎ., ఉద్యోగం చేస్తూ సెలవుల్లో తరగతులకు వచ్చి మిగతా కాలం దూరం నుంచి చదివే పద్ధతిలో సాగింది. ఏకలవ్య, దిగంతర్, విద్యాభవన్ లాంటి క్షేత్రస్థాయి సంస్థల అనుభవం దాని పాఠాల్లో ఉంది. బెంగుళూరులో 2010లో ఏర్పడిన అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం రెండేళ్ళ ఎం.ఎ. ఎడ్యుకేషన్ నడుపుతోంది. తెలుగు రాష్ట్రాల నుంచి స్వచ్ఛంద సంస్థల్లోకీ, పాఠ్యపుస్తకాల రచనలోకీ వెళ్ళదలచిన యువతకు ఇది మంచి దారి. ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియా విద్యా ప్రణాళిక, పాలన అన్న పేరుతోనే ఎం.ఎ. ఇస్తుంది. పాలన మీదే పూర్తి డిగ్రీ కోరేవారికి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో అరుదుగా దొరికే అవకాశం అది.

ఉద్యోగంలో ఉన్న ఉపాధ్యాయులకు నిజంగా అందుబాటులో ఉన్నవి పీజీ డిప్లొమాలు. డిగ్రీ కన్నా డిప్లొమా తక్కువన్న భావన వాటిని వెనక్కి నెట్టింది. అది సరైన అంచనా కాదు. ఇగ్నో ఇచ్చే విద్యా నిర్వహణ, పాలన పీజీ డిప్లొమాకు ఏ డిగ్రీ ఉన్నా చేరవచ్చు. విద్యా నిర్వహణ పరిణామం, సంస్థాగత ప్రవర్తన, సంస్థ నిర్వహణ మీద పేపర్లు, చివర ఒక ప్రాజెక్టు. ఆ ప్రాజెక్టును తన బడి మీదే చేసుకున్న ఉపాధ్యాయుడికి ఈ ఏడాదిపాటి చదువు చాలా ఇస్తుంది. నకలు చేసి ఇచ్చినవాడికి పట్టా తప్ప ఏమీ మిగలదు. ఇగ్నోలోనే పాఠశాల నాయకత్వం, నిర్వహణ మీద మరో పీజీ డిప్లొమా ఉంది. ఎం.ఎ. ఎడ్యుకేషన్ చేసేవారు విద్యా నిర్వహణను ప్రత్యేకాంశంగా తీసుకునే వీలూ ఉంది. నీపా నడిపే విద్యా ప్రణాళిక, పాలన పీజీ డిప్లొమా జిల్లా స్థాయి అధికారుల కోసం. కొంతకాలం ఢిల్లీలో తరగతులు, మిగతా కాలం సొంత జిల్లాలో ప్రాజెక్టు. దీనికి రాష్ట్ర ప్రభుత్వం పంపాలి. పంపడానికి డీఈఓను కొన్ని నెలలు వదులుకోవాలి. ఆ పదవులే ఇన్‌చార్జిల చేతుల్లో ఉండే రాష్ట్రాలకు అది కష్టంగా తోస్తుంది. నాయకత్వ కేంద్రం ప్రాథమిక, మధ్యమ, ఉన్నత అన్న మూడు అంచెలుగా పెట్టిన ఆన్‌లైన్ కోర్సుకు అలాంటి అడ్డంకి లేదు.

ఎంబీఏలో విద్యా నిర్వహణ అనే శాఖను కొన్ని విశ్వవిద్యాలయాలు పెట్టాయి. ప్రైవేటు పాఠశాలల గొలుసుల్లో ఆర్థిక, మానవ వనరుల విభాగాలు చూసేవారికి ఇది పనికొస్తుంది. తరగతి గదితో దీనికి సంబంధం తక్కువ. బి.ఇడి లేకుండా కేవలం ఈ పట్టాతో ప్రిన్సిపాల్ అవుతామనుకోవడం పొరపాటు.

పీహెచ్‌డీ వేరే తరహా చదువు. యూజీసీ 2022 నియమాల ప్రకారం కనీసం మూడేళ్ళు పట్టే పరిశోధన ఇది. యజమాని నిరభ్యంతర పత్రం ఇస్తే పార్ట్‌టైంగా కూడా చేయవచ్చు. ఆ నియమాలతోనే ఎం.ఫిల్ ఆగిపోయింది. హెడ్మాస్టరు పనికి పీహెచ్‌డీ అవసరం లేదు. ఎస్‌సీఈఆర్‌టీ, డైట్, విశ్వవిద్యాలయాల వైపు చూసేవారికి అవసరం. అమెరికాలో మాదిరిగా వృత్తిలో ఉన్న విద్యాధికారుల కోసం రూపొందిన వేరే డాక్టరేటు మనకు వేళ్ళూనలేదు.

పోస్టులు ఏం అడుగుతాయో చూస్తే అర్హత ప్రశ్న ఇంకా స్పష్టమవుతుంది. కేంద్రీయ విద్యాలయ, నవోదయ ప్రిన్సిపాల్ పోస్టుల ప్రత్యక్ష నియామకాల్లో ఏదో ఒక సబ్జెక్టులో పీజీ, బి.ఇడి, నిర్ణీత బోధనా అనుభవం ప్రధానం. గురుకుల ప్రిన్సిపాళ్ళకూ అంతే. ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 2023 డిసెంబరులో 38 డెప్యూటీ ఈఓ పోస్టులకు ప్రకటన ఇచ్చినప్పుడు కూడా పీజీ, బి.ఇడి అర్హతనే అడిగింది. విద్యా నిర్వహణలో డిప్లొమా గానీ ఎం.ఇడి గానీ ఎక్కడా తప్పనిసరి కాదు. అంటే తెలుగు రాష్ట్రాల యువ ఉపాధ్యాయుడు ముందుగా తన సబ్జెక్టులో పీజీ పూర్తి చేయడం అన్నిటికంటే లాభసాటి పని. గణితంలోనో చరిత్రలోనో ఎం.ఎస్సీ., ఎం.ఎ. ఉన్నవారికి పై ద్వారాలన్నీ తెరిచి ఉంటాయి. ఎం.ఇడి మాత్రమే ఉన్నవారికి వాటిలో కొన్ని మూసుకుంటాయి. మండల విద్యాధికారి, డెప్యూటీ ఈఓ పోస్టుల పదోన్నతులు ప్రభుత్వ, పంచాయతీరాజ్ ఉపాధ్యాయుల ఉమ్మడి సర్వీసు నిబంధనల వివాదంతో కోర్టుల్లో ఏళ్ళ తరబడి నలిగాయి. ఆ కాలమంతా ఒక హెడ్మాస్టరే తన బడితో పాటు మండలాన్నీ, కొన్నిచోట్ల ఒకటికి మించిన మండలాలనూ చూడవలసి వచ్చింది. ఎంత మంచి డిగ్రీ ఉన్నా ఆ స్థితిలో ఏ అధికారీ బడులకు వెళ్ళి పాఠాలు చూడలేడు. చదువు ఒక్కటే చాలదని చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

పదవికీ చదువుకూ ముడి వేసిన దేశాల అనుభవం ఇక్కడ పనికొస్తుంది. అమెరికాలో ప్రిన్సిపాల్ కావాలంటే చాలా రాష్ట్రాల్లో మాస్టర్స్ డిగ్రీ, కొన్నేళ్ళ బోధన, లైసెన్సు పరీక్ష తప్పవు. తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన టెక్సస్‌లో మాస్టర్స్‌తో పాటు రెండేళ్ళ బోధనానుభవం, గుర్తింపు పొందిన శిక్షణా కార్యక్రమం, రాత పరీక్ష, పనితీరును చూపే పరీక్ష ఉంటాయి. అక్కడ బడుల్లో టీచర్లుగా చేరిన తెలుగు మహిళలు పాలన వైపు వెళ్ళాలంటే పట్టుకోవలసిన దారి అదే. న్యూయార్క్‌లో బడి సారథికి ఒక లైసెన్సు, జిల్లా సారథికి మరొకటి. ముడి వేసినంత మాత్రాన నాణ్యత వచ్చేయలేదు. జీతం పెంపు కోసం వరుసగా పట్టాలు కొనుక్కునే సంస్కృతి అక్కడ పెరిగిందని 2005లో ఆర్థర్ లెవిన్ తన నివేదికలో కఠినంగా విమర్శించారు. రెండేళ్ళ తరువాత లిండా డార్లింగ్–హామండ్ బృందం మేలైన కార్యక్రమాలను పరిశీలించి వాటిలో ఉమ్మడిగా ఉన్న గుణాలను చెప్పింది. అభ్యర్థులను వెతికి ఎంపిక చేయడం, ఒకే జట్టుగా చదివించడం, అనుభవజ్ఞుడైన ప్రిన్సిపాల్ పక్కన ఎక్కువ కాలం నిజమైన బాధ్యతతో పనిచేయించడం. హార్వర్డ్ విశ్వవిద్యాలయం 2010లో విద్యా నాయకత్వ డాక్టరేటు మొదలుపెట్టినప్పుడు మూడో ఏడాదిని పూర్తిగా క్షేత్రంలోనే ఉంచింది.

ఇంగ్లండు 1997లో హెడ్‌షిప్‌కు జాతీయ వృత్తి అర్హతను తెచ్చింది. తరువాత దాన్ని కొత్త హెడ్లకు తప్పనిసరి చేసి, 2012లో ఆ షరతు తీసేసింది. షరతు పోయినా కోర్సు పోలేదు. సింగపూర్ దారి వేరు. అక్కడ ప్రిన్సిపాల్‌గా పనికొస్తారనుకున్నవారిని మంత్రిత్వ శాఖే ముందుగా గుర్తించి, జాతీయ విద్యా సంస్థలో కొన్ని నెలల పూర్తికాల కార్యక్రమానికి జీతంతో పంపుతుంది. చదువు ముగిశాకే బడి అప్పగిస్తుంది. తెలుగు రాష్ట్రాలకు అనువైన నమూనా ఇదేనని చెప్పడానికి గట్టి కారణం ఉంది. సీనియారిటీ జాబితా ముందే తెలిసి ఉంటుంది. వచ్చే రెండేళ్ళలో ఎవరు హెడ్మాస్టర్లు కాబోతున్నారో ప్రతి డీఈఓ కార్యాలయానికీ తెలుసు. వారిని పదోన్నతికి ముందే ఒక వేసవి, ఒక సెమిస్టరు మంచి హెడ్మాస్టరు దగ్గర ఉంచడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

కాగితం మీది ప్రణాళికతో పని జరగదని కూడా రుజువైంది. బడులు తమను తాము అంచనా వేసుకుని అభివృద్ధి ప్రణాళిక రాసుకునే పద్ధతిని మధ్యప్రదేశ్‌లో మురళీధరన్, అభిజిత్ సింగ్ పరీక్షించారు. ప్రణాళికలు తయారయ్యాయి. బోధనలో గానీ పిల్లల చదువులో గానీ మార్పు కనిపించలేదు. తరువాత ఎవరూ వచ్చి అడగలేదు, చేయి అందించలేదు. నాయకత్వ కోర్సుల్లో ప్రాజెక్టు రాయించే ప్రతి సంస్థా ఈ ఫలితాన్ని ఎదురుగా పెట్టుకోవాలి.

2020 జాతీయ విద్యావిధానం ప్రిన్సిపాళ్ళకూ స్కూల్ కాంప్లెక్స్ నాయకులకూ ఏటా 50 గంటలు, లేదా అంతకు మించి వృత్తి వికాస శిక్షణ ఉండాలంది. అందులో నిర్వహణతో పాటు బోధనాంశాలూ చేరాలంది. కేంద్ర ప్రభుత్వం 2019లో మొదలుపెట్టిన నిష్ఠ ఉపాధ్యాయ శిక్షణల్లో పాఠశాల నాయకత్వ భాగం ఉంది. డిగ్రీ చదివే వయసు దాటినవారికి ఇవే ఆధారం. ఆంధ్రప్రదేశ్‌లో పదవీ విరమణ వయసు 62, తెలంగాణలో 61. యాభై దాటాక హెడ్మాస్టరైనవారికి మిగిలేది మహా అయితే ఒక దశాబ్దం పైచిలుకు. వారికి రెండేళ్ళ డిగ్రీ సలహా ఇవ్వడం అన్యాయం. ఏడాది డిప్లొమా లేదా అంచెల ఆన్‌లైన్ కోర్సు, వాటితో పాటు పక్క మండలంలోని మంచి బడికి వెళ్ళి చూసివచ్చే అలవాటు వారికి ఎక్కువ ఇస్తాయి. ముప్పైల్లో ఉన్న స్కూల్ అసిస్టెంటుకు సబ్జెక్టు పీజీ, ఆ వెంట ఇగ్నో డిప్లొమా సరైన వరుస. శాఖాపరమైన పరీక్షలు కూడా అప్పుడే ముగించుకుంటే తరువాత తీరిక దొరుకుతుంది. ఇరవైల్లో ఉండి ఇంకా ఉద్యోగంలో చేరనివారికి మాత్రమే పూర్తికాలపు ఎం.ఎ. లేదా ఎం.ఇడిని నిస్సంకోచంగా సిఫారసు చేయవచ్చు.

భాష ఒక అడ్డంకిగా ఉందన్నది దాచవలసిన విషయం కాదు. బి.ఇడి స్థాయి వరకు తెలుగు అకాడమీ పుస్తకాలు ఆదుకున్నాయి. పీజీ స్థాయిలో పాఠశాల నాయకత్వం మీద తెలుగులో చదవదగిన పుస్తకాలు చాలా తక్కువ. ఇగ్నో పాఠాలు ఇంగ్లీషు, హిందీల్లో నడుస్తాయి. తెలుగు మాధ్యమంలో చదివి, పాతికేళ్ళు తెలుగులో పాఠం చెప్పిన మంచి ఉపాధ్యాయుడు ఆ ఇంగ్లీషు చూసి వెనక్కి తగ్గితే తప్పు ఆయనది కాదు. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో పుట్టిందే ఇలాంటివారి కోసం. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయమైన ఆ సంస్థ తెలుగులో పాఠశాల సారథ్య డిప్లొమా ఒకటి తయారు చేస్తే ఈ రంగంలో అన్నిటికంటే పెద్ద మేలు అదే అవుతుంది.

ఏ కోర్సులో చేరేముందైనా కొన్ని సరిచూసుకోవాలి. ఎం.ఇడి అయితే ఆ కళాశాలకు ఆ ఏడాదికి ఎన్‌సీటీఈ గుర్తింపు ఉందా, దూరవిద్య లేదా ఆన్‌లైన్ పీజీ అయితే యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో ఆ కోర్సు పేరు ఆ సంవత్సరానికి ఉందా అన్నవి ప్రధానం. వేరే రాష్ట్రపు ప్రైవేటు విశ్వవిద్యాలయం ఏజెంటు ద్వారా ఇచ్చే ఎం.ఇడి పట్టా పదోన్నతి వేళ పరిశీలనలో నిలవకపోవచ్చు. సర్వీసులో ఉన్నవారు చేరకముందే నియామకాధికారి అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. పట్టా వచ్చాక ఒరిజినల్‌తో పాటు ఆ అనుమతి కాపీని జతచేసి సర్వీసు రిజిస్టరులో నమోదు చేయించుకోవాలి. నమోదు కాని పట్టాను పదోన్నతి జాబితా తయారుచేసే గుమాస్తా చూడడు.